ఫ్రీవీలును విప్పే పనిముట్టు

సైకిలు ఎరుగని పల్లె మనకు లేదు. దాని గాలిగొట్టం మార్చటం, చెయిను తగిలించటం బడిపిల్లలకు కూడా తెలుసు. కాని వెనుక చక్రానికి కుడివైపున ఉండే పళ్ళచక్రాన్ని, అనగా ఫ్రీవీలును, చక్రం నుండి విడదీయవలసి వచ్చినప్పుడు మాత్రం చాలామంది ఉలీ సుత్తీ వెతుక్కొంటారు. ఇది చిన్న విషయమే. అయినా ఈ చిన్న విషయం వెనుక నూట ఏభై ఏళ్ళ చరిత్ర ఉన్నది. మర ఎట్లా పనిచేస్తుంది, కొలతలకు ప్రమాణాలు ఎందుకు కావాలి, ప్రమాణాలు ఉన్నచోట కూడా కొన్ని అవసరాలు ఎట్లా మరుగున పడతాయి అనే ప్రశ్నలకు ఆ చరిత్రలో సమాధానాలు దొరుకుతాయి.

మొదట నా అనుభవం ఒకటి చెబుతాను. నేను తొమ్మిదో తరగతి చదివే రోజులలో మా నాన్నగారి పాత సైకిలు వెనుక చక్రంలో, కుడివైపు పుల్ల ఒకటి విరిగింది. పుల్ల ఖరీదు స్వల్పం. కాని కొత్త పుల్లను హబ్బు అంచులోని రంధ్రం గుండా దూర్చటానికి ఫ్రీవీలు అడ్డం వచ్చింది. దానిని నేనే తీస్తానని కూర్చున్నాను. ఫ్రీవీలు ముఖం మీద రెండు చిన్న గుంటలు కనిపించాయి. ఉలి మొనను ఒక గుంటలో ఆనించి, మామూలు మరను విప్పే దిశలో, అనగా గడియారపు ముల్లుకు ఎదురు దిశలో, సుత్తితో కొట్టాను. కదలలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. చివరకు విసిగి రెండవ దిశలో కొట్టేసరికి ముఖభాగం వదులై ఊడి వచ్చింది. లోపలి సన్నని ఉక్కు గుండ్లు నేలమీద చెల్లాచెదరయ్యాయి. ఫ్రీవీలు పాడయింది గాని, హబ్బును అంటిపెట్టుకొన్న దాని లోపలి భాగం మాత్రం అక్కడే ఉండిపోయింది. మా నాన్నగారు పొరుగూరి బడిలో ఉపాధ్యాయులు. ఆ వారమంతా ఆయన బడికి నడిచి వెళ్ళారు.

ఆదివారం నాడు ఆ చక్రాన్ని పట్నంలోని ఒక సైకిలు షాపుకు తీసుకుపోయాను. షాపు యజమాని వయసు మళ్ళినవాడు. చక్రం వంక చూసి, “దీనికి సుత్తితో పనిలేదు, అబ్బాయీ” అంటూ పెట్టెలోనుండి ఒక ఇనుప బిళ్ళను తీశాడు. దాని అంచున రెండు చెవులు ఉన్నాయి. అవి ఫ్రీవీలు లోపలి భాగంలోని రెండు గంట్లలో సరిగా ఇమిడాయి. బిళ్ళను వైసులో బిగించి, చక్రాన్ని లారీ స్టీరింగువలె రెండు చేతులతో తిప్పాడు. నిమిషంలో పని అయిపోయింది. నేను గంట్లు అనుకొన్న గుంటలు వేరే పనికోసం పెట్టినవి. అసలు గంట్లు వాటికి లోపలగా, ఇరుసుకు దగ్గరగా ఉన్నాయి. నేను వాటిని చూడనే లేదు.

ఫ్రీవీలుకు ముందు

తొలినాటి సైకిళ్ళలో పెడళ్ళు ముందు చక్రపు ఇరుసుకే ఉండేవి. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరగవలసిందే. ఈ ఇబ్బందిని తొలగించటానికి అమెరికాలోని విలియం వాన్ ఆండెన్ 1869లోనే, ముందు చక్రపు హబ్బులో అమర్చే ఒక ఫ్రీవీలుకు పేటెంటు పొందాడు. కాని ఆనాటి సైకిలుకు అది అంతగా అక్కరకు రాలేదు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన ‘రోవర్’ సైకిలుతో, చెయిను ద్వారా వెనుక చక్రాన్ని తిప్పే పద్ధతి స్థిరపడింది. మనం నేడు తొక్కే సైకిలు ఆకారం అదే.

ఆ సైకిలు వెనుక పళ్ళచక్రం హబ్బుకు మరతో గట్టిగా బిగించబడి ఉండేది. రౌతు ముందుకు తొక్కినప్పుడు మర ఇంకా బిగుసుకొనేది. కాని వేగం తగ్గించటానికి అతడు పెడళ్ళను వెనుకకు అదిమి పట్టేవాడు. అప్పుడు మర విప్పుకొనే ప్రమాదం ఉన్నది. దానిని నివారించటానికి పళ్ళచక్రం పైన ఒక బిగింపు రింగును, దానికి ఎడమ మరను పెట్టారు. పళ్ళచక్రం వెనుకకు తిరగబోతే ఆ రింగు మరింత బిగుసుకొని దానిని ఆపుతుంది. ఎడమ మర, కుడి మర ఒకదానికొకటి కాపలా కాసే ఈ ఏర్పాటు ట్రాకు పందేల సైకిళ్ళలో నేటికీ ఉన్నది.

ఇటువంటి పళ్ళచక్రాన్ని ఊడదీయటం కష్టమేమీ కాదు. రింగును తీసివేసి, పళ్ళకు ఒక చెయిను ముక్కను చుట్టి, దానికి తగిలించిన ఇనుప బద్దతో వెనుకకు లాగితే చాలు. పళ్ళు, హబ్బు ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతాయి గనుక పళ్ళను పట్టుకొంటే మరను పట్టుకొన్నట్లే.

సుగుణమే చిక్కుగా మారింది

పందొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి ఫ్రీవీలు బాగా వ్యాప్తిలోకి వచ్చింది. జర్మనీలో ఎర్నెస్ట్ సాక్స్ వంటివారు దానిని అభివృద్ధి చేశారు. దీని నిర్మాణం ఇట్లా ఉంటుంది. హబ్బు మరకు బిగిసేది లోపలి భాగం. పళ్ళు ఉండేది వెలుపలి భాగం. రెండింటి మధ్య ఉక్కు గుండ్లు, స్ప్రింగులతో లేచే చిన్న ఉక్కు నాలుకలు ఉంటాయి. ముందుకు తొక్కినప్పుడు నాలుకలు వెలుపలి భాగంలోని మెట్లకు తట్టుకొని చక్రాన్ని తిప్పుతాయి. తొక్కటం ఆపినప్పుడు అవే నాలుకలు మెట్ల మీదుగా టకటక జారిపోతాయి. సైకిలు దిగుడులో జారుతున్నప్పుడు వినిపించే చప్పుడు ఇదే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఫ్రీవీలు బలాన్ని ఒకే దిశలో అందిస్తుంది. వెనుకకు లాగే బలం దాని గుండా హబ్బును చేరదు. కనుక ఎడమ మర రింగు అవసరం తీరిపోయింది. తొక్కిన ప్రతిసారీ మర బిగుసుకొంటుంది. విప్పే దిశలో దానిమీద బలం ఎన్నడూ పడదు. తయారుచేసేవారికి ఇది గొప్ప సౌకర్యం. కాని విప్పదలచినవారికి అదే పెద్ద చిక్కు. చెయిను ముక్కతో పళ్ళను వెనుకకు లాగితే అవి ఊరకే తిరుగుతాయి. మర ఉన్న లోపలి భాగాన్ని పట్టుకొంటే తప్ప ఫ్రీవీలు రాదు. ఆ భాగమేమో పళ్ళకూ ఇరుసుకూ నడుమ ఇరుకులో దాగి ఉన్నది. అందుకే దాని ముఖం మీద గంట్లు కోసి, వాటిలో ఇమిడే పనిముట్టును ప్రత్యేకంగా చేయవలసి వచ్చింది.

నన్ను మోసగించిన గుంటల సంగతి కూడా ఇప్పుడు తెలుస్తుంది. లోపలి భాగం మీద గుండ్లను పట్టి ఉంచే ఒక మూతరింగు ఉంటుంది. దానికి ఎడమ మర. దాని గుంటలు ఫ్రీవీలును విప్పి గుండ్లకు గ్రీజు పెట్టటానికి ఉద్దేశించినవి. నేను మొదట కొట్టిన దిశలో అది బిగుసుకొన్నది. రెండవ దిశలో ఊడింది.

బిగువు లెక్క

ఫ్రీవీలు ఎంత బలంతో బిగుసుకొంటుంది? 60 కిలోగ్రాముల మనిషి తన బరువంతా ఒక పెడలు మీద మోపాడనుకొందాం. క్రాంకు పొడవు 17 సెం.మీ. కాగా, ముందు పళ్ళచక్రం మీద పడే బలభ్రామకం 60 × 17 = 1,020 కిలోగ్రాము-సెంటీమీటర్లు. ముందు 48 పళ్ళు, వెనుక 18 పళ్ళు ఉంటే ఫ్రీవీలు మీద పడేది అందులో 18/48వ వంతు, అనగా సుమారు 382. ఈ లెక్క ప్రకారం 30 సెం.మీ. పానా చివర 13 కిలోగ్రాముల బలం పెడితే మర విడిపోవాలి. కాని సైకిలు పాతది అయితే అది విడిపోదు. ఏళ్ళ తరబడి వేల మార్లు పడిన తోపులు, బాట కుదుపులు, వానలో పట్టిన తుప్పు కలిసి లోహానికి లోహం అంటుకొనేట్లు చేస్తాయి. బిగించినప్పుడు మరకు కొంచెం గ్రీజు రాయమని అనుభవజ్ఞులు చెప్పటానికి కారణం ఇదే.

బిగుసుకొన్న మర తనంతట తాను ఎందుకు విడిపోదు? మర అంటే స్తంభానికి చుట్టిన వాలుతలం. ఇంగ్లీషు కొలత ఫ్రీవీలు మర వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. ఒక చుట్టు తిరిగితే అది ముందుకు జరిగేది 1.06 మి.మీ.; తిరిగిన దూరం సుమారు 109 మి.మీ. కనుక వాలు దాదాపు అర డిగ్రీ. ఉక్కు మీద ఉక్కుకు ఘర్షణ గుణకం 0.15 అనుకొంటే, జారుడు మొదలు కావటానికి సుమారు 8½ డిగ్రీల వాలు కావాలి. అర డిగ్రీ వాలు మీద వస్తువు జారదు. ఫ్రీవీలు కూడా అంతే.

మరలకు ప్రమాణం వచ్చింది

ఒకప్పుడు ప్రతి కర్మాగారం తనకు తోచిన మరను కోసుకొనేది. ఒకరి బోల్టుకు మరొకరి నట్టు పట్టేది కాదు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనేక కర్మాగారాల నుండి మరలను సేకరించి, కొలిచి, వాటి సగటు ఆధారంగా 1841లో ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. అతని మర కోణం 55 డిగ్రీలు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల మరను ప్రతిపాదించాడు. సైకిలు భాగాలు పలుచనివి గనుక వాటికి సన్నని మర కావలసి వచ్చింది. ఇంగ్లండులోని సైకిలు ఇంజనీర్ల సంస్థ 1902లో 60 డిగ్రీల కోణంతో సైకిలు మరల ప్రమాణాలను నిర్ణయించింది.

అయినా దేశానికొక కొలత మిగిలే ఉన్నది. ఫ్రెంచి ఫ్రీవీలు మర వ్యాసం 34.7 మి.మీ., చుట్టుకు 1 మి.మీ. ఇటలీ మర వ్యాసం 35 మి.మీ., అంగుళానికి 24 చుట్లు. ఇంగ్లీషు మరను మిల్లీమీటర్లలో చెబితే 34.8. ఫ్రెంచి, ఇంగ్లీషు మరల వ్యాసాల మధ్య తేడా మిల్లీమీటరులో పదవ వంతు. కంటికి అది తెలియదు. ఒకదానిలో రెండవదాన్ని పెడితే మొదటి చుట్లు తేలికగా ఎక్కుతాయి. కాని ఆరు చుట్లు తిరిగేసరికి ఒకటి 6.35 మి.మీ., రెండవది 6 మి.మీ. జరుగుతాయి. తేడా ఒక చుట్టులో మూడవ వంతు! అక్కడ బలవంతం చేస్తే హబ్బు మర చెడుతుంది. హబ్బు అల్యూమినియంతో చేసినదైతే మరీ తొందరగా చెడుతుంది.

ఇటువంటి నష్టాల వలన కాలక్రమేణా ఇంగ్లీషు కొలతే ప్రపంచమంతటా నిలదొక్కుకొన్నది. మన దేశానికి మొదట సైకిళ్ళు ఇంగ్లండు నుండి దిగుమతి అయ్యేవి. 1949లో మద్రాసులోను, 1952లో అసన్‌సోల్‌లోను ఇంగ్లీషు సంస్థల సహకారంతో సైకిలు కర్మాగారాలు నెలకొన్నాయి. వాటి వెంట కొలతలు కూడా వచ్చాయి.

గంట్లకు ప్రమాణం రాలేదు

మరకు పట్టిన అదృష్టం గంట్లకు పట్టలేదు. కారణం ఆలోచించతగినది. హబ్బు చేసేవాడు ఒకడు, ఫ్రీవీలు చేసేవాడు మరొకడు. వారిద్దరి మర కలవకపోతే సైకిలే తయారు కాదు, అమ్మకం జరగదు. కనుక వారు ఒక ఒప్పందానికి రాక తప్పలేదు. గంట్లతో వారిద్దరికీ పనిలేదు. వాటి అవసరం కలిగేది కొన్నేళ్ళ తరువాత, ఏదో ఊరిలో, ఏదో చెట్టుకింద కూర్చున్న మరమ్మతుదారుకు. కొలతలు నిర్ణయించే బల్ల దగ్గర అతనికి చోటు లేదు. అందుచేత ఎవరి గంట్లు వారివే అయినాయి.

గేర్ల సైకిళ్ళు రావటంతో ఈ వైవిధ్యం ఇంకా పెరిగింది. ఫ్రాన్సు చుట్టూ జరిగే ప్రసిద్ధ సైకిలు పందెంలో 1937 నుండి గేరు మార్చే సాధనాన్ని అనుమతించారు. ఒకే ఫ్రీవీలు మీద మూడు, నాలుగు, తరువాత ఐదు, ఆరు పళ్ళచక్రాలు చేరాయి. వాటన్నిటిలో చిన్నది వెలుపలివైపు ఉంటుంది గనుక పనిముట్టు దూరే సందు ఇంకా ఇరుకైంది. ఇటలీలోని రెజీనా సంస్థ ఫ్రీవీళ్ళు కొన్నిటికి రెండు గంట్లు ఉన్నాయి. జపానుకు చెందిన సన్‌టూర్ మొదట రెండు గంట్లను, తరువాత నాలుగు గంట్లను వాడింది. ఫ్రెంచి ఆటం ఫ్రీవీలుకు గంట్లకు బదులు లోపలివైపు 20 పళ్ళు ఉంటాయి. షిమానో ఫ్రీవీళ్ళలో 12 పళ్ళు వాడుకలోకి వచ్చాయి. ఒకదానికి చేసిన పనిముట్టు మరొకదానికి పనికిరాదు. రెండు గంట్లవాటిలో కూడా గంటు వెడల్పు, గంట్ల మధ్య దూరం ఒక్కటిగా ఉండవు. కొంచెం వదులుగా ఉన్న పనిముట్టు బలం పెట్టగానే జారి గంటు అంచులను అరగదీస్తుంది. ఆ తరువాత సరైన పనిముట్టు దొరికినా ప్రయోజనం ఉండదు. గుండ్రని గంటులో దానికి పట్టు చిక్కదు.

కనుక పాత ఫ్రీవీలును విప్పబోయే ముందు చేయవలసిన మొదటి పని చూడటం. ఇరుసు నట్టును తీసి, మురికిని గుడ్డతో తుడిచి, వెలుతురులో లోపలికి చూడాలి. గంట్లా, పళ్ళా? ఎన్ని? గంటు వెడల్పు ఎంత? ఫ్రీవీలు మీద తయారీదారు పేరు ఏమైనా ఉన్నదా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతనే పనిముట్టు వెతకాలి.

పనిముట్టు వాడే పద్ధతి

సరైన పనిముట్టుకు సరైన వాడుక కూడా కావాలి. గంట్ల లోతు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. బలం పెట్టినప్పుడు చెవులు గంట్లనుండి పైకి తన్నుకొని రాకుండా, పనిముట్టు మీదుగా ఇరుసు నట్టును బిగించి దానిని అదిమి ఉంచాలి. మర మొదట కదలగానే ఆ నట్టును వదులు చేయాలి. లేకపోతే వెలుపలికి వస్తున్న ఫ్రీవీలు నట్టును తోసి ఇరుసు మరను చెడగొడుతుంది.

ఆనాడు షాపు యజమాని పొడవైన పానాను వాడక, చక్రాన్నే ఎందుకు తిప్పాడు? పానా ఒకవైపు మాత్రమే లాగుతుంది. ఆ బలం పనిముట్టును తిప్పటమే గాక పక్కకు ఒరగదోస్తుంది కూడా. చక్రాన్ని రెండు చేతులతో ఎదురెదురు దిశలలో తిప్పినప్పుడు రెండు సమాన బలాలు బలయుగ్మంగా ఏర్పడతాయి. వాటి ఫలితం తిరుగుడు మాత్రమే. పక్కకు తోపు ఉండదు. పైగా పెద్ద సైకిలు చక్రపు రిమ్ము వ్యాసార్ధం సుమారు 32 సెం.మీ. ఒక్కొక్క చేతితో 20 కిలోగ్రాముల బలం పెడితే మొత్తం 20 × 32 × 2 = 1,280 కిలోగ్రాము-సెంటీమీటర్లు. మనం పైన లెక్కించిన 382కు ఇది మూడు రెట్లకు మించినది. ఆ వృద్ధుడు బలయుగ్మం అనే పేరు వినలేదేమో గాని దానిని ఉపయోగించటంలో నిపుణుడు.

సకాయ్ నగరం ఇచ్చిన పరిష్కారం

జపానులోని సకాయ్ కత్తులకూ, ఒకప్పుడు తుపాకులకూ పేరుపొందిన నగరం. 1543లో పోర్చుగీసువారి ద్వారా తుపాకి ఆ దేశానికి వచ్చింది. గొట్టం అడుగును మూసే మరబిరడాను తయారుచేయటం తెలియక అక్కడి కమ్మరులు మొదట తికమకపడ్డారని చెబుతారు. శుభ్రం చేయటానికి ఆ బిరడాను విప్పే వీలుండాలి గనుకనే దానికి మర పెట్టారు. ఆ సకాయ్‌లోనే 1921లో షోజబురో షిమానో ఒక చిన్న ఇనుప కర్మాగారాన్ని స్థాపించాడు. దాని మొదటి ఉత్పత్తి సైకిలు ఫ్రీవీలు!

అదే సంస్థ 1978లో ఫ్రీవీలు పద్ధతినే మార్చే హబ్బును విడుదల చేసింది. ఇటువంటి ఆలోచన 1938లోనే ఇంగ్లండులో వచ్చినా స్థిరపడలేదు. కొత్త హబ్బులో ఉక్కు నాలుకల యంత్రాంగం హబ్బులో భాగమైంది. అరిగిపోయే పళ్ళచక్రాలు మాత్రం దానిమీద గాడులలోకి జారి కూర్చుంటాయి. రౌతు బలాన్ని గాడులు మోస్తాయి గనుక తొక్కినకొద్దీ బిగుసుకోవటం అనేది లేదు. చివర ఒక చిన్న రింగును విప్పితే చాలు, పళ్ళచక్రాలన్నీ చేతికి వస్తాయి. మరొక లాభం కూడా కలిగింది. మర ఫ్రీవీలు ఉన్న చక్రంలో కుడివైపు గుండ్లు ఫ్రీవీలుకు లోపలగా ఉంటాయి. ఇరుసు ఆధారం లేకుండా చాలా దూరం వెలుపలికి సాగి, బరువుకు వంగిపోతుంది. కొత్త పద్ధతిలో గుండ్లను ఇరుసు చివరకు జరపగలిగారు.

నేడు మంచి గేర్ల సైకిళ్ళలో ఎక్కువగా ఈ పద్ధతే ఉన్నది. కాని మన ఊళ్ళలో పాలక్యాన్లు, గడ్డిమోపులు మోసే మామూలు సైకిలుకు మర ఫ్రీవీలే ఉన్నది. దానిని విప్పే బిళ్ళ ఖరీదు కొత్త ఫ్రీవీలు, చెడిన హబ్బు ఖరీదుతో పోలిస్తే స్వల్పం.

ఉపాధ్యాయులకు ఒక సూచన

మరలు, ఘర్షణ, బలయుగ్మం పాఠాలు చెప్పేటప్పుడు ఏదైనా సైకిలు షాపు నుండి పారవేసిన ఫ్రీవీలు ఒకటి, పాత హబ్బు ఒకటి తెచ్చి తరగతిలో ఉంచండి. గంట్లు ఎక్కడ ఉన్నాయో, ఎడమ మర ఎక్కడ ఉన్నదో విద్యార్థులచేతనే కనిపెట్టించండి. మరచుట్లను స్కేలు ఆనించి లెక్కపెట్టమనండి. అంగుళానికి 24 వస్తాయి. 1902 నాటి నిర్ణయాల వరుసలో వచ్చిన కొలత తమ చేతిలో ఉన్నదని వారు అప్పుడు గ్రహిస్తారు.

ఆ తరువాత వారిని ఒక ప్రశ్న అడగండి: ఒక వస్తువును తయారుచేసేటప్పుడు దానిని బిగించటం గురించి మాత్రమే ఆలోచిస్తే సరిపోతుందా? వస్తువు ఏదైనా ఒకనాటికి అరుగుతుంది, విరుగుతుంది, తుప్పు పడుతుంది. ఆనాడు దానిని విప్పేవారు తయారుచేసినవారికి ముక్కుమొగం తెలియనివారు. వారికోసం రెండు గంట్లు సరిగా కోసి పెట్టటం, ఆ గంట్ల కొలత నలుగురికీ ఒకటిగా ఉంచటం కూడా ఇంజనీరు బాధ్యతే. మన విద్యార్థులలో కొందరు రేపు ఇంజనీర్లు కానున్నారు. ఈ మాట వారు ఇప్పుడే వినటం మంచిది.